వద్దన్నవారికే కుర్చీ

మా ఆసుపత్రికి పదకొండు నెలలు సూపరింటెండెంటు లేడు. ఆ పదవికి మనుషులు దొరక్క కాదు. వద్దన్నవాళ్ళు మరీ ఎక్కువైపోయి, వాళ్ళలో ఎవరు ఎక్కువ గట్టిగా వద్దంటున్నారో తేలక.

ఈ మాట చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి. నేను ఆ ఆసుపత్రిలో హెడ్ గుమాస్తాని, నేలటూరి జక్కరయ్యని. ముప్ఫై మూడేళ్ళుగా బోర్డు మీటింగుల మినిట్స్ రాస్తున్నాను. ఇక్కడ చెప్పబోయే ప్రతి మాటకీ నా దగ్గర తీర్మానం నంబరుంది.

ఆసుపత్రి పేరు సెయింట్ నికోమాసు మిషను ఆసుపత్రి. ఉండేది మడలంకలో. ఒకవైపు గోదారి పాయ, ఒకవైపు సముద్రం, మధ్యలో రొయ్యల చెరువులు. చెరువుల గట్ల మీద గడ్డి, గడ్డిలో రక్తపింజరలు. వానలు మొదలయ్యాక ఏటా నలుగురైదుగురైనా పాము కరిచి మా గేట్లోకి వస్తారు. పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోవాలంటే పంటు మీద గోదారి పాయ దాటి నలభై కిలోమీటర్లు వెళ్ళాలి. పాము విషం పంటు కోసం ఆగదు గనక మా దగ్గరికే వస్తారు.

గేటు మీద బోర్లించిన పడవ బొమ్మ ఉంటుంది. అందుకని జనం దాన్ని పడవాసుపత్రి అంటారు. ఆ పడవ నికోమాసు గారిది. ఆయన పదిహేడు వందల ఏళ్ళ కిందట ఎక్కడో సముద్రపు ఒడ్డున ఒక ఇసుక పట్నంలో పడవలు బాగుచేసుకునే మనిషి. ఆ ఊరి బిషప్పు చనిపోతే జనమంతా చేరి, నువ్వే మా బిషప్పువి, వచ్చి కుర్చీలో కూర్చో అన్నారట. ఆయన హడలిపోయి పారిపోయి, తను బాగుచేస్తున్న పడవే బోర్లించి, దాని కింద మూడు రోజులు దాక్కున్నాడట. ఆయన చరిత్రని మా మొదటి దొరసాని డాక్టరు తెలుగు చేయించి అరవై పేజీల పుస్తకంగా అచ్చేయించింది. ఒకే ఒక్క ప్రతి మిగిలింది. అది నా సొరుగులో ఉంది.

ఆ పుస్తకం మొదటి అధ్యాయం మా బోర్డు అధ్యక్షులు రెవరెండ్ గెరా కరుణాకరం గారు చదవడంతో వచ్చింది ఇదంతా. ఆయన ఆ సెప్టెంబరులో ఏదో కొండ మీద ‘సేవక నాయకత్వం’ అనే శిక్షణకి నాలుగు రోజులు వెళ్ళొచ్చారు. వస్తూ ఒక సంచీ, ఒక పెన్ను, వినయం అనే మాట తెచ్చుకున్నారు. అంతకుముందు ఆ మాట ఆయనకి తెలియదని కాదు, దాన్ని ఇతరుల మీద ఇంత విరివిగా వాడవచ్చని తెలియదు. ఆయన వచ్చిన వారానికే మా పాత సూపరింటెండెంటు రిటైరయ్యాడు.

కుర్చీ ఖాళీ అయిన రోజే డాక్టర్ సలోమి గారు దరఖాస్తు పెట్టింది. అర పేజీ. ఈ పని తనకి వచ్చనీ, పదహారేళ్ళుగా వార్డులన్నీ తనే చూస్తోందనీ, కుర్చీ ఇస్తే మందులు వేళకి తెప్పిస్తాననీ రాసింది. ఆవిడది తగువులాడే గొంతు, నిద్ర చాలని కళ్ళు. రోగుల్ని తిట్టి మరీ బతికిస్తుంది.

మందుల సంగతి ఇక్కడే చెప్పాలి. మా మందులన్నీ పదిహేను కిలోమీటర్ల అవతల రేవుపాలెంలో ఉన్న మిషను డిపో నుంచి వస్తాయి. డిపోవాడు ఇండెంటు చీటీ మీద సూపరింటెండెంటు సంతకం, గుండ్రటి సీలు చూస్తేనే మందిస్తాడు. దూది, టింక్చరు, జ్వరం బిళ్ళలకైతే డ్యూటీ డాక్టరు సంతకం చాలు. పాము కాటు మందుకి చాలదు. దొరల కాలం నాటి రూలు అది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. పాత సూపరింటెండెంటు వెళ్ళేనాటికి ఫ్రిజ్‌లో ఆ మందు నలభై ఆరు సీసాలుంది. ఒక్క మనిషికి తక్కువలో తక్కువ పది సీసాలు పడతాయి. లెక్క మీరే కట్టుకోండి.

దరఖాస్తు బోర్డు ముందుకొచ్చింది. అధ్యక్షులు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలుకని చూసినట్టు చూశారు.

“ప్రియులారా,” అన్నారు, “కుర్చీని కోరినవారు కుర్చీకి అనర్హులు. మన పరిశుద్ధ నికోమాసు గారు పడవ కింద దాక్కున్నారే గానీ దరఖాస్తు పెట్టుకోలేదు.”

బోర్డు సభ్యులు తొమ్మిది మందీ తలలూపారు. టిఫిన్ అప్పటికే వచ్చి ఉంది. తీర్మానం 14 నా చేతులతోనే రాశాను: “సూపరింటెండెంటు పదవిని ఆశించు అభ్యర్థులు సదరు ఆశ కారణముగానే అనర్హులనియు, పదవిని మనఃపూర్వకముగా నిరాకరించువారి పేర్లు మాత్రమే పరిశీలనార్హములనియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.”

సలోమి గారి దరఖాస్తు మీద ‘ఆశ ఉన్నది, తిరస్కరించడమైనది’ అని వేసి తిప్పి పంపాను. ముందు ముందు అవసరం పడుతుందని అధ్యక్షులు దానికొక రబ్బరు స్టాంపు కూడా చేయించారు. అడగందే అమ్మయినా పెట్టదని సామెత. మా ఆసుపత్రిలో అడిగారంటే అమ్మ కూడా పెట్టదు.

కాయితం పట్టుకుని ఆవిడ నా టేబులు దగ్గరికొచ్చింది.

“జక్కరయ్య గారూ, ఆకలేస్తందన్నోడికి పెట్టకుండా, కడుపు నిండిందన్నోడికే అన్నం పెడితే ఇంక ఈ లోకంలో బతికేదెవరండీ?”

నేను రాసేవాణ్ణే గానీ తీర్మానించేవాణ్ణి కాదని చెప్పాను. ముప్ఫై మూడేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ప్రతిసారీ అది నిజమే. నిజం కావడం వల్లే అంత సిగ్గులేకుండా అనగలిగాను.

తీర్మానం నోటీసు బోర్డులో పెట్టిన మర్నాడే మొదటి నిరాకరణ అందింది. ఛాతీ డాక్టరు మనోహర విల్సన్ గారిది. వారానికి రెండు రోజులు మా దగ్గరా, మిగతా రోజులు టౌనులో సొంత క్లినిక్కులోనూ ఉండే మనిషి. ఆ కుర్చీ మీద తొమ్మిదేళ్ళుగా కన్నేసి ఉన్నాడు. సూపరింటెండెంటు గది కిటికీలకి కర్టెన్ల కొలతలు ఎప్పుడో తీయించుకున్నాడు. అటువంటివాడు నాలుగు పేజీలు టైపు కొట్టించి, బయోడేటా జతచేసి, మూడు ఫోటోలు అంటించి మరీ వద్దన్నాడు. పదవులు నిరాకరించడంలో తనకి పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉందనీ, అవకాశమిస్తే ఇంకా గట్టిగా నిరాకరించగలననీ రాశాడు.

రెండోది ఎముకల డాక్టరు తలాటం ఎలీషా గారిది. ఆయన ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. తను వద్దనడమే కాకుండా ఒక శాసనసభ్యుడి చేత సిఫారసు ఉత్తరం తెప్పించాడు. “వీరు పదవిని వద్దనుటలో మిక్కిలి పట్టుదల గలవారు. కావున వీరి నిరాకరణను సానుభూతితో పరిశీలించి తగు ఉత్తర్వులు ఇప్పించగలరు” అని అందులో ఉంది.

నెల తిరిగేసరికి పదిహేడు నిరాకరణలు వచ్చాయి. ఫార్మసిస్టు వద్దన్నాడు. అంబులెన్సు డ్రైవరు వద్దన్నాడు. వైద్యంతో ఏ సంబంధమూ లేని మా బావమరిది, రిటైరైన తాసిల్దారు, “ఓ కాయితం పడేస్తే పోయిందేవుంది బావా” అని తనూ వద్దన్నాడు. చివరికి నిరాకరణలకొక ఫారం అచ్చేయించాం. మూడు ప్రతులు నింపాలి, అభ్యర్థికి ఆశ లేదని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. నేను కొత్త రిజిస్టరు తెరిచి అట్ట మీద ‘వద్దన్నవారు’ అని రాశాను.

క్రిస్మస్ దాటింది. ఫ్రిజ్‌లో సీసాలు ఇరవై ఆరు.

ఇంతమంది వద్దంటుంటే ఎవరిది అసలు, ఎవరిది నకిలీ అని తేల్చడానికి బోర్డు ‘వినయ నిర్ధారణ ఉపసంఘం’ వేసింది. దానికి మార్కులు పెట్టారు. రాతపూర్వకంగా వద్దంటే పది. సభాముఖంగా వద్దంటే ఇరవై. కన్నీళ్ళతో అయితే ఇంకో పది. మిగిలిన అరవై మార్కులూ దాక్కోవడానికి కేటాయించారు, ఎందుకంటే నికోమాసు గారు చేసింది అదే.

దాక్కోవడానికి నియమాలు నేనే టైపు కొట్టాను. అభ్యర్థి ఆసుపత్రి ఆవరణలోనే మూడు రోజులు దాక్కోవాలి. బోర్డు నియమించిన వెతుకులాట బృందం వచ్చి పట్టుకోవాలి. బృందానికి శ్రమ కలగకుండా అభ్యర్థి తను దాక్కోబోయే చోటుని ముందుగా కవర్లో పెట్టి, లక్క సీలు వేసి, ఆఫీసులో దాఖలు చేసి రసీదు తీసుకోవాలి. రసీదులన్నీ నేనే ఇచ్చాను.

ఆ మీటింగులోనే తొమ్మిదో అంశంగా సలోమి గారి అర్జీ ఉంది. పాము కాటు మందు ఇండెంటు మీద తాత్కాలికంగా ఎవరో ఒకరు సంతకం పెట్టే ఏర్పాటు చెయ్యమని. ఎనిమిదో అంశం దగ్గర కన్నీళ్ళు రెండు కళ్ళా కారాలా, ఒక కంట కారితే అయిదు మార్కులివ్వవచ్చా అన్న చర్చ సాగి మధ్యాహ్నం రెండయింది. తొమ్మిదో అంశం సమయాభావం వల్ల వాయిదా పడింది.

పోటీ చివరికి విల్సన్ గారికీ ఎలీషా గారికీ మధ్య మిగిలింది. మార్చి నెలలో ఒక సోమవారం పొద్దున ఇద్దరూ దాక్కున్నారు. విల్సన్ గారు దుప్పట్లు పెట్టే గదిలో ఫ్యానూ పరుపూ వేయించుకున్నాడు. ఎలీషా గారు ఇంకో మెట్టు పైకి పోయి, రేవు నుంచి నిజం పడవ ఒకటి లారీలో తెప్పించి, ఆసుపత్రి వెనక బోర్లించి దాని కింద చేరాడు. ఇంటి నుంచి క్యారేజీ వేళ తప్పకుండా వచ్చేది. మూడు రోజులూ ఎముకలు విరిగినవాళ్ళు వరండాలో బల్లల మీద కూర్చున్నారు. డాక్టరు గారు ఎప్పుడొస్తారని అడిగితే, దాక్కోవడం అయిపోగానే వస్తారని చెప్పమని నాకు ఉత్తర్వు.

గురువారం వెతుకులాట బృందం నా దగ్గర కవర్లు విప్పించుకుని చదివి, ఎంతో వెతికినట్టు మొహాలు పెట్టి వెళ్ళింది. పడవ ఎత్తగానే ఎలీషా గారు, నేను అల్పుణ్ణి, నన్ను వదిలెయ్యండి అంటూ ఇసుకలో బోర్లా పడ్డాడు. ఫోటోగ్రాఫరు వెలుతురు చాల్లేదన్నాడు. ఎలీషా గారు మళ్ళీ పడవ కిందికి దూరాడు, మళ్ళీ ఎత్తారు, మళ్ళీ అల్పుడయ్యాడు. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

ఇద్దరికీ తొంభై ఒకటేసి మార్కులు వచ్చాయి. ఏం చెయ్యాలో తోచక ఉపసంఘం న్యాయ సలహాదారుణ్ణి పిలిపించింది. ఆయన ఎప్పుడో మున్సిఫ్ కోర్టులో ప్రాక్టీసు చేసిన పెద్దమనిషి. రెండు ఫైళ్ళూ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ఇందులో మౌలికమైన దోషం ఒకటున్నదన్నారు. ఇద్దరు అభ్యర్థులూ లాగినప్పుడు వచ్చారు. రావడమంటే సమ్మతి. సమ్మతి అంటే ఆశ. ఆశ ఉన్నవారు తీర్మానం 14 ప్రకారం అనర్హులు.

తాము ఇంత లోతైన తీర్మానం చేశామని బోర్డుకి అప్పటిదాకా తెలియదు. విల్సన్ గారు లేచి, అయ్యా నాకు నిజంగానే వద్దు, ఒట్టేసి చెబుతున్నాను, ఇది నా తొమ్మిదేళ్ళ కల అన్నాడు. ఆ రోజు మటుకు ఆయన కన్నీళ్ళు రెండు కళ్ళా కారాయి. మార్కులు మాత్రం పడలేదు.

అయితే ఎంత లాగినా రానివాళ్ళెవరు? ఉపసంఘం ఏప్రిల్, మే నెలలు అదే పనిలో ఉంది. ఆరేళ్ళ కిందట చనిపోయిన డాక్టర్ గాబ్రియేలు గారి పేరు పరిశీలనకి వచ్చింది. పిలిచినా పలకరు, లాగినా రారు, ఆశ బొత్తిగా లేదు. కానీ ఆయన బతికుండగా ఒకసారి ప్రమోషనుకి అర్జీ పెట్టుకున్న కాగితం నా ఫైల్లో బయటపడి, ఆ పేరు కొట్టేశారు.

జూన్ మీటింగులో అధ్యక్షులు కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థించి, తెరిచి, మనకి దొరికారు అన్నారు. తీర్మానం 31: “వినయమునకు పరాకాష్ఠయైన పరిశుద్ధ నికోమాసు గారినే సూపరింటెండెంటుగా నియమించడమైనది. సదరు వారినుండి చేరిక పత్రము అందకపోవుటను వారి వినయమునకు అదనపు నిదర్శనముగా స్వీకరించడమైనది.”

ఆయన పటం ఒకటి నిలువెత్తుది గీయించి కుర్చీలో కూర్చోబెట్టారు. హాజరు పట్టీలో ఆయన పేరు రాయమన్నారు, రాశాను. పండగ ఆగస్టు నెలలో గనక పదవీ స్వీకార సభ ఆ రోజే పెట్టారు.

వానలు పడ్డాయి. మందు ఖర్చవుతూనే ఉంది. సలోమి గారు ఇండెంటు చీటీ రాసుకుని అధ్యక్షుల దగ్గరికి వెళ్ళింది. పటం సంతకం పెడుతుందా అని అడిగింది.

“అమ్మా, నీలో విశ్వాసం తక్కువగా ఉంది,” అన్నారాయన. “ప్రస్తుతానికి ఫైలుని వారి సముఖంలో ఉంచండి.”

ఉంచాం. ఇరవై రెండు రోజులు ఆ చీటీ పటం ముందే ఉంది. దాని మీద పూలు నేనే మార్చేవాణ్ణి. ఫ్రిజ్‌లో ఆఖరికి నాలుగు సీసాలు మిగిలాయి.

పండగ రోజు పొద్దున పదిన్నరకి పెద్ద హాల్లో సభ మొదలయింది. కుర్చీని పటంతో, దాని ముందున్న చీటీతో, పూలతో సహా వేదిక మీదికి చేర్చారు. గాయక బృందం ఒక పాట పాడింది. అధ్యక్షులు కొత్త సూపరింటెండెంటు గారి మెళ్ళో దండ వెయ్యబోతుండగా బయట ఏడుపులు వినిపించాయి. రొయ్యల చెరువు గట్టు మీద గడ్డి కోస్తుంటే మల్లాడి నూకరత్నాన్ని రక్తపింజర కరిచింది. ఎడమ పాదం. ఆమె మొగుడు బండి మీద ముందర కూర్చోబెట్టుకుని తెచ్చేశాడు.

హాలు వెనక బల్ల మీద ఉన్న నాకు ఏం జరుగుతోందో కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. సలోమి గారు ఉన్న నాలుగు సీసాలూ ఎక్కించింది. నర్సుని కాపలా పెట్టి నేరుగా హాల్లోకి వచ్చింది. కొంగు మీద రక్తపు మరకలున్నాయి. జనం దారి ఇచ్చారు.

“చీటీ మీద సంతకం కావాలండి,” అంది. “ఆరు సీసాలైనా కావాలి. రేవుపాలెం వెళ్ళి రావడానికి గంట పడతది. ఆ మనిషికి చిగుళ్ళలోంచి రక్తం వస్తంది.”

అధ్యక్షులు చాలా బాధపడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు, నాకు తెలుసు. చేతిలో దండ పట్టుకుని, నియమం ప్రకారం సంతకం చెయ్యగలిగింది సూపరింటెండెంటు ఒక్కరేననీ, సూపరింటెండెంటు గారు వీరేననీ పటాన్ని చూపించారు. కార్యక్రమం పూర్తయ్యాక అత్యవసర సమావేశం పెట్టుకుందామన్నారు. న్యాయ సలహాదారు గారు లేచి, డాక్టరమ్మగారు సంతకం కోరుతున్నారంటే అధికారం కోరుతున్నట్టేననీ, కోరడం మళ్ళీ తీర్మానం 14 కిందకే వస్తుందనీ అందరికీ విడమరిచి చెప్పారు. ఆ విడమరచడానికి ఎంతసేపు పట్టిందో గోడ గడియారంలో చూశాను. పదకొండు నిమిషాలు. విల్సన్ గారూ ఎలీషా గారూ మొదటి వరసలోనే ఉన్నారు. డాక్టర్లే ఇద్దరూ. లేస్తే ఆశ బయటపడుతుందని లేవలేదు.

నా సొరుగు తాళం నా దగ్గరే ఉంది. నేను లేచి వెళ్ళి పుస్తకం తెచ్చాను. ఎందుకు లేచానంటే చెప్పలేను. ముప్ఫై మూడేళ్ళలో సభ మధ్యలో అడగకుండా నోరు విప్పడం అదే మొదటిసారి.

“అయ్యగారూ,” అన్నాను, “మీరు మొదటి అధ్యాయమే చదివారండి. రెండోది నేను చదువుతాను. ఒక్క పేజీయే.”

చదివాను. మూడో రోజు రేవుకి జ్వరాల ఓడ ఒకటి వచ్చిందని అందులో ఉంది. రోగుల్ని తెచ్చి ఇసుకలో పడేశారు. ఊరి ధాన్యమూ మందులూ ఉన్న కొట్టుకి తాళం వేసి ఉంది. తాళంచెవి బిషప్పు దగ్గరుండాలి, బిషప్పు లేడు. పడవ పక్కనే ఒక ఆడమనిషి మంచినీళ్ళడుగుతోంది. నికోమాసు పడవ కిందనుంచి చాలాసేపు ఆ గొంతు విన్నాడు. తరవాత పడవని తనే ఎత్తుకుని తనే బయటికొచ్చాడు. ఆయన్ని ఎవరూ వెతకలేదు, ఎవరూ లాగలేదు. తాళంచెవి ఎవరిదని అడిగాడు. కుర్చీలో కూర్చున్నవాడిదన్నారు. “అయితే ఆ కుర్చీ నాకివ్వండి” అన్నాడు. దాక్కున్నది మూడు రోజులు. కుర్చీలో కూర్చున్నది ముప్ఫై ఒక్కేళ్ళు. చచ్చేదాకా ఆ తాళంచెవి ఆయన మెళ్ళోనే ఉంది.

పుస్తకం మూశాను. గాయక బృందంలో ఎవరో ముక్కు చీదారు.

సలోమి గారు వేదికెక్కింది. పటాన్ని రెండు చేతులా ఎత్తి, మర్యాదగా గోడకి చేరవేసింది. కుర్చీలో కూర్చుంది. పూల కింద నుంచి చీటీ లాగి దులిపి సంతకం పెట్టింది.

“ఈ కుర్చీ నాక్కావాలండి,” అంది, అధ్యక్షుల వైపు కాదు, మా అందరి వైపూ చూసి. “మొదట్నుంచీ కావాలనే అడుగుతున్నాను. జక్కరయ్య గారూ, సీలెయ్యండి.”

వేశాను. కొంచెం వంకరగా పడింది. అయినా డిపోవాడు ఒప్పుకున్నాడు. నూకరత్నం మొగుడే చీటీ పట్టుకుని బండి మీద వెళ్ళి మందు తెచ్చాడు.

నూకరత్నం బతికింది. ఎడమ కాలి వేళ్ళు రెండు కుళ్ళిపోతే తీసెయ్యాల్సి వచ్చింది. మందు గంట ముందు పడి ఉంటే నిలిచేవేమో అని సలోమి గారు అంది. ఆ రెండు వేళ్ళూ ఏ తీర్మానం కింద పోయాయో మినిట్స్‌లో ఎక్కడా లేదు. ఆ పుస్తకం పదకొండు నెలలు నా సొరుగులోనే ఉంది. రెండో అధ్యాయం నాకు కంఠతా వచ్చు. అడగని మాట ఫైల్లో పెట్టకూడదని ఊరుకున్నాను. ఈ కథలో ఎవరెవర్ని చూసి నవ్వాలో ఆ పట్టీలో నా పేరు కూడా రాసుకోండి.

బోర్డు మర్నాడే అత్యవసరంగా సమావేశమయింది. తీర్మానం 32: “పరిశుద్ధ నికోమాసు గారు కుర్చీని నోటిమాటగా కోరియున్నట్లు గ్రంథస్థ సాక్ష్యము వెలువడినందున, సదరు వారిని పదవికి అనర్హులుగా ప్రకటించి, వారి నియామకమును రద్దు చేయడమైనది.” పటం స్టోరు గదిలోకి పోయింది. గేటు మీద పడవ బొమ్మకి సున్నం కొట్టించారు. ఆసుపత్రికి కొత్త పేరు కావాలి గనక, ఏ కోరికా కోరని పరిశుద్ధుల జాబితా తయారుచెయ్యడానికి ఇంకో ఉపసంఘం వేశారు. జాబితాలో ఇంకా ఒక్క పేరూ చేరలేదు.

తీర్మానం 33 సలోమి గారి మీద. అధికారం లేకుండా కుర్చీలో కూర్చున్నందుకూ, కోరికతో కూడిన సంతకం చేసినందుకూ ఛార్జి మెమో. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీని నిబంధనల ప్రకారం సూపరింటెండెంటు ద్వారా పంపించాలి.

మెమో నేనే తీసుకెళ్ళాను. ఆవిడ సూపరింటెండెంటు గదిలో, ఆ కుర్చీలోనే ఉంది. చదివి, సంజాయిషీ రెండు వరసల్లో రాసి, నాకివ్వబోయి ఆగింది.

“ఇది సూపరింటెండెంటు ద్వారా రావాలి కదండీ?”

అవునన్నాను. ఆవిడ దాన్ని తన వైపు తిప్పుకుని, కింద ‘చూశాను, సంజాయిషీ తృప్తికరం, ఫైలు చెయ్యండి’ అని రాసి సంతకం పెట్టింది. చేశాను. బోర్డు ఆ ఫైలు అడగలేదు. అడిగితే ఆ సంతకం ఎవరిదో తేల్చాలి, తేలిస్తే సూపరింటెండెంటు ఎవరో తేల్చాలి, అంత తొందరపాటు పని వాళ్ళ అలవాటులో లేదు. ఫ్రిజ్‌లో ఇప్పుడు అరవై సీసాలున్నాయి.

దసరాలకి ముందు నూకరత్నం కుంటుకుంటూ వచ్చింది. చేతిలో ఎండు రొయ్యల పొట్లం ఉంది. పెద్ద డాక్టరుకిస్తానని నా దగ్గర నిలబడితే లోపలికి తీసుకెళ్ళాను. ఆమె గది నాలుగు మూలలా చూసి, గోడకి పటం ఏదీ లేకపోవడం చూసి, సందేహపడింది.

“ఈ ఆసుపత్రికి పెద్ద మీరేనా డాక్టరమ్మా? గేటు కాడ పెద్దోళ్ళెవరూ లేరంటన్నారు.”

సలోమి గారు పొట్లం అందుకుంది.

“నేనేనమ్మా. అడిగి కూర్చున్నాను. ఏదీ, ఆ కాలు ఇలా పెట్టు.”

ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను. నంబరు వెయ్యలేదు.